ముందు నువ్వు తాగు

ప్రతి ఉదయం తొమ్మిదిన్నరకి, ఎల్మెరీద్ ఊళ్ళో రూనార్ బేకరీలో, కిటికీ పక్క బల్ల మీదికి ఒక కప్పు కాఫీ వచ్చేది. వచ్చిన మరుక్షణం మాయ్కెన్ బ్రూర్సొన్ ఆ కప్పుని చూపుడువేలితో అవతలికి తోసేది.

"ముందు నువ్వు తాగు."

ఆ మాట ఆవిడ చేత అనిపించుకోని మనిషి ఊళ్ళో లేడు. ఎవర్నీ నమ్మకపోవడం మాయ్కెన్‌కున్న ఒకే ఒక్క అలవాటు, తక్కినవన్నీ దాని పిల్లలు. గుడ్లు కొంటే ఒక్కోదాన్ని దీపానికి అడ్డం పెట్టి లోపల ఎవరున్నారో చూసేది. రేడియోలో వాన పడుతోందని చెబితే కిటికీ తీసి చెయ్యి చాపి, తడిసిన చేతిని తుడుచుకుంటూ "సరే, ఈపూటకి నిజమే చెప్పాడు" అనేది. చర్చిలో పాస్టరు "ప్రభువు మన మధ్యనే ఉన్నాడు" అన్నప్పుడు అందరూ తలలు వంచితే, ఆవిడ మాత్రం మెడ తిప్పి వెనక వరసలన్నీ ఒకసారి కలయజూసేది.

దీనికి కొంత ఉద్యోగం కూడా కారణం. ముప్పై ఏళ్ళు ఓడరేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టరుగా చేసింది. సముద్రం అవతలి నుంచి పడవల్లో దిగే జనం సంచులు తెరిపించడం ఆవిడ పని. ఒక పెళ్ళిబృందంలో అకార్డియన్ వాయించేవాణ్ణి ఆపి, "ఏదీ, ఒక పాట వాయించు" అందట. పెట్టెలోంచి పాట రాలేదు, సారా సీసాలు వచ్చాయి. సొంత తమ్ముడు అల్గొత్ సెలవులకి వెళ్ళి వస్తూ ఉంటే, అతని కోటు లైనింగులోంచి పంది సాసేజీలు బయటికి లాగి, రసీదు రాసిచ్చి, "ఇంటికి పద, రాత్రికి బంగాళాదుంపలు వండుతా" అంది. ఆ రాత్రి బంగాళాదుంపలు ఒట్టివే తిన్నానని అల్గొత్ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ దేశంలో అందరూ అందరికీ 'నువ్వే'. కానీ మాయ్కెన్ నోట్లోంచి వచ్చినప్పుడు ఆ 'నువ్వు' బోనులో నిలబెట్టి పిలిచినట్టు ఉండేది.

ఇప్పుడు రూనార్ గురించి. ఏభై దాటినవాడు, భారీ మనిషి, పిండి అంటని జత బట్టలు లేనివాడు. తాత కట్టిన పొయ్యిలో రొట్టెలు కాల్చేవాడు. ఊళ్ళో ఫైరింజను గంట మోగినప్పుడు మాత్రం ఏప్రాన్ విప్పి హెల్మెట్ పెట్టుకుని పరుగెత్తేవాడు. చిన్న ఊళ్ళలో మంటలార్పడానికి వేరే మనుషులుండరు. బేకరీవాడూ, బడి డ్రిల్లు మాస్టారూ, శవపేటికలు చేసే వడ్రంగీ, వీళ్ళే దళం.

ఆ దళానికి ఆగస్టులో ఒక పండగ ఉండేది. ఆ రోజు రూనార్ గొట్టం పట్టుకుని మంటలార్పే మందుతో మైదానం నిండా తెల్లటి నురగ కొండలు పోసేవాడు. పిల్లలు చెడ్డీలతో అందులో దూకేవారు, దొర్లేవారు, మీసాలూ గడ్డాలూ పెట్టుకునేవారు. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళంతా ఆ నురగలో దొర్లి పెరిగినవాళ్ళే. ఆ సంబరం చూసి రూనార్‌కి ఒక ఊహ వచ్చింది. మెత్తటి కేకు మీద కోడిగుడ్డు తెల్లసొన గిలక్కొట్టి కొండలా పోసి, శిఖరం మీద ఎర్రటి పంచదార ఫైరింజను నిలబెట్టాడు. 'నురగ కేకు' అని పేరు పెట్టాడు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవారు. బేకరీ లోపలి గోడ మీద దాని ఆకారంలో కోసిన ఇంత పెద్ద బోర్డు.

తరవాత ఒక చలికాలం ఉదయం రేడియోలో వార్త వచ్చింది. పాత విమానాల మైదానం పక్కన మంటలార్పే శిక్షణ చోటుంది కదా, అక్కడ ఏళ్ళ తరబడి కుమ్మరించిన నురగ మందు భూమిలోకి ఇంకి, ఊరి పడమటి బావుల్లోకి చేరింది. కుళాయిల్లోకీ, కాఫీల్లోకీ, మనుషుల రక్తంలోకీ వచ్చింది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. జనం అలవాటు కొద్దీ నీళ్ళు మరగబెట్టారు. నీరు ఆవిరైంది గానీ మందు పోలేదు, గిన్నెలో ఇంకాస్త చిక్కబడి కూర్చుంది. ఒంట్లోకి వస్తే ఏళ్ళకేళ్ళు కదలదట. వాసన లేదన్న సంగతిని మాయ్కెన్ సొంత అవమానంగా తీసుకుంది. "ముప్పై ఏళ్ళు ఈ ముక్కుతో బతికాను. నా ముక్కు కిందనించే దాటిపోయిందా!"

రూనార్ ఆ రోజే బోర్డు దింపేశాడు. కానీ గోడంతా మాసిపోయి, బోర్డున్న మేర తెల్లగా మిగిలిపోయింది. అచ్చం నురగ కొండలా.

పడమటి బావులు మూసేశారు. ఊరి నడుమ నీళ్ళ ట్యాంకరు పెట్టారు. తరవాత తూర్పు చెరువు నుంచి గొట్టం వేసి, బొగ్గు ఫిల్టర్ల గుండా నీళ్ళు పంపి, ఇప్పుడంతా భద్రం అని చెప్పడానికి నీటి విభాగం అధికారి స్టఫన్ చర్చి హాల్లో సభ పెట్టాడు. మర్యాద తప్పకుండా అందరి ముందూ కాఫీ కప్పులు. ఒక్కరూ ముట్టుకోలేదు. కాఫీ లేందే ఉత్తరం కూడా విప్పని జనం, నూటయాభై మంది, ఎండు బన్నులు గొంతుకి అడ్డం పడుతున్నా చూస్తూ కూర్చున్నారు.

"లీటరుకి నాలుగు నానోగ్రాములు దాటకూడదని కొత్త పరిమితి. మనది మూడు పాయింట్ ఎనిమిది," అన్నాడు స్టఫన్ గర్వంగా.

మాయ్కెన్ లేచింది. "ఇదివరకు పరిమితి ఎంత?"

"ఇదివరకు... తొంభై."

"అంటే నిరుడు ఎనభై తాగినా నేను క్షేమం. ఈ ఏడు అయిదు తాగితే ప్రమాదం. ఈమధ్యలో నేనేమన్నా చిక్కిపోయానా?"

"అది కాదు మాయ్కెన్, శాస్త్రం ముందుకెళ్ళింది..."

"జలసంధి అవతలి దేశంలో, డేన్లకి ఎంత?"

స్టఫన్ గొంతు సవరించుకున్నాడు. "రెండు."

"రెండా! పడవలో అవతలికి పోతుంటే ఏ కెరటం దగ్గర మారుతుంది నాయనా ఈ లెక్క? వాళ్ళ కాలేయాలేమన్నా గాజువా?"

"చూడు, లీటరుకి ఒక నానోగ్రాము అంటే ఇరవై పెద్ద ఈతకొలనుల నీళ్ళలో ఒక్క చుక్క. ఒకే ఒక్క చుక్క!"

"ఆ ఇరవైలో నా కప్పు ఏ కొలనుది?"

హాల్లో ఎవరో బన్ను నములుతూ నవ్వి, పొరబోయి దగ్గాడు. నీళ్ళిస్తే వద్దన్నాడు.

"ఇంకో మాట," అంది మాయ్కెన్. "పరిమితి పది సీసాలైతే, పదకొండు తెచ్చేవాడు తెలివితక్కువవాడు. వాణ్ణి నేను తరవాత చూసేదాన్ని. సరిగ్గా తొమ్మిదిన్నర తెచ్చాడే, వాణ్ణి ముందు ఆపేదాన్ని. వాడికి అన్నీ తెలుసు. మూడు పాయింట్ ఎనిమిదట!" కప్పుని వేలితో తోసింది. "ముందు నువ్వు తాగు."

స్టఫన్ పౌరుషానికి పోయి ఒక కప్పు తాగాడు. జనం నమ్మినట్టు కనబడకపోయేసరికి రెండోది తాగాడు. ఆపైన జగ్గెత్తి నీళ్ళు గటగటా తాగాడు. ప్రశ్నలు ఇంకా నడుస్తూండగానే మొహం బిగించుకుని మరుగుదొడ్డి వైపు పరుగుతీశాడు. అంత తాగితే ఎవరైనా పరుగెత్తాల్సిందే. కానీ ఊరు ఆ పరుగుని మరోలా అర్థం చేసుకుంది.

ఆ దెబ్బ రూనార్ మీద పడింది. ఇళ్ళల్లో అయితే జనం ట్యాంకరు నీళ్ళో, సీసా నీళ్ళో ఏవో తంటాలు పడుతున్నారు. కానీ గొట్టం పట్టుకుని నురగ పోసిన చేత్తో వాడు పెట్టే కాఫీ ఎవరు తాగుతారు? రొట్టె కొని పట్టుకుపోతున్నారు, కూర్చోవడం లేదు. కూర్చునే జనం లేకపోతే ఉత్త రొట్టెల మీద బేకరీ నిలవదు. ఆకులు రాలేలోగా జనం తిరిగి రాకపోతే తాత పొయ్యి ఆర్పేద్దామని రూనార్ తీర్మానించుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాయ్కెన్ రావడం మొదలుపెట్టింది.

గుమ్మం పక్కన, వచ్చినవాళ్ళని వరసగా పిలవడానికి, నంబరు చీటీల యంత్రం ఉండేది. కొట్టంతా ఖాళీగా, ఈగ కూడా లేకపోయినా, ఆవిడ చీటీ లాగి, దాన్ని వెనకా ముందూ చూసి, గోడకి చేరగిలబడి నిలుచునేది.

"రా మాయ్కెన్, ఎవరూ లేరుగా," అనేవాడు రూనార్.

"నంబరు పిలువు."

"నిన్ను తప్ప పిలవడానికి ఎవరున్నారు?"

"పిలువు."

రూనార్ ఖాళీ కొట్లోకి నంబరు కేకేసేవాడు. ఆవిడ చుట్టూ చూసి, ఇంకెవరూ ముందుకు రావడం లేదని తేల్చుకుని, అప్పుడు వచ్చి కూర్చునేది.

"ఇది ఏ నీళ్ళు?"

"కుళాయి నీళ్ళు. నిన్నటి కుళాయే."

"కుళాయి నిన్నటిదే. నీళ్ళు నిన్నటివి కాదుగా?"

"కాదు."

"మరి నిన్నటి జవాబు చెప్తావేం? ముందు నువ్వు తాగు."

రూనార్ తాగేవాడు.

"మింగు. బుగ్గన పెట్టుకుని లోపలికి పోదామనుకోకు."

"మింగాను తల్లీ!"

"నోరు తెరువు."

ఏభై ఏళ్ళు దాటిన మనిషి, ఫైరింజను ఎక్కి మంటల్లోకి దూకిన మనిషి, కిటికీ పక్కన నిలబడి నోరు తెరిచి నాలిక చూపించేవాడు. కిటికీ అవతల వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. మాయ్కెన్ కాసేపు అతని మొహంలోకి తేరిపార చూసి, పడిపోయే సూచనలు లేవని తేలాక, అదే జగ్గులోంచి, తన కళ్ళముందే, ఇంకో కప్పు పోయించుకునేది. ఒక్కో గుక్కే, మొహం చిట్లించుకుంటూ, చివరి చుక్కదాకా తాగి, ఖాళీ కప్పుని సాసర్ మీద ఠక్కున బోర్లించేది. ఆ చప్పుడు వీధి అవతలికి వినబడేది.

"అంత కష్టంగా తాగడం దేనికి? బాగోకపోతే మానెయ్యి," అన్నాడు రూనార్ ఒకరోజు ఉండబట్టలేక.

"బాగుందో లేదో నీకెందుకు? నాకు నీ మీద అనుమానం."

రూనార్‌కి కూడా అనుమానం పట్టుకుంది. ఈవిణ్ణి ఎవరో పంపిస్తున్నారు. పెట్రోలు బంకువాడు కొత్తగా కాఫీ యంత్రం పెట్టాడు, వాడే అయ్యుండాలి. కొట్టు ముందు కనబడ్డ ఎదురింటి గుల్‌బ్రిత్‌తో అదే మాట అంటే ఆవిడ గొంతు తగ్గించి, "పంపకుండా ఎవరన్నా అంత శ్రద్ధగా వస్తారా, నువ్వే చెప్పు. నీ కొట్టు మూయించేదాకా వదలదు," అంది. అని, కిటికీ అద్దంలోంచి బోర్లించిన కప్పుకేసి ఓసారి చూసి, లోపలికొచ్చి, "సరే గానీ, నాకూ ఒకటి పొయ్యి," అంటూ కూర్చుంది.

గుల్‌బ్రిత్ నురగ వార్త తరవాత అలా కూర్చోవడం అదే మొదటిసారి. మర్నాడు ఆవిడ చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆ తరవాత బడి డ్రిల్లు మాస్టారొచ్చాడు. అందరూ పదింటి తరవాతే వచ్చేవారు. పదింటికి వేడి రొట్టెలు బయటికొస్తాయి కాబట్టి, వాటి వాసనకే జనం వస్తున్నారనుకున్నాడు రూనార్. వాసన మీద అతనికి ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు.

ఎండాకాలం నడిమికి బల్లలు సగానికి పైగా నిండాయి. ఒకరోజు మాయ్కెన్ గోడమీది తెల్లటి మచ్చని చూపించి, "నురగ కేకు ఏది?" అంది.

"మానేశాను. ఎవరు తింటారు?"

"మానేశావా? దేన్నో దాచిపెట్టేవాడు చేసే పని అది. తీసుకురా."

చేసి తెచ్చాడు. ఆవిడ పంచదార ఫైరింజనుని తీసి పక్కన పెట్టింది. నురగలోకి ఫోర్కు దింపి అడుగుదాకా పొడిచింది. కేకుని ముక్కలు ముక్కలుగా కోసి ఒక్కో ముక్కనీ తిరగేసింది. కొట్లో అందరూ మాటలాపి చూస్తున్నారు. "ముందు నువ్వు తిను," అంది. తిన్నాడు. ఆవిడా తింది. ఆ వారాంతానికి డ్రిల్లు మాస్టారు మొహమాటపడుతూ, "ఒకటి కట్టివ్వు, పిల్లలకి," అన్నాడు.

సెప్టెంబరు మొదట్లో పిడుగు పడింది.

మాయ్కెన్ ఎప్పటిలాగే కాఫీ తాగింది, కప్పు బోర్లించింది, కర్ర పుచ్చుకుని గుమ్మం దాటింది, కడుపు పట్టుకుని కూలబడింది. గుల్‌బ్రిత్ పరుగెత్తుకెళ్ళి అంబులెన్సు పిలిచింది. ఆవిణ్ణి ఎక్కించి పంపేశాక, ఇంటింటికీ కబురు కూడా తనే చేరవేసింది. కబురు ఊరి ఈ చివర బయల్దేరినప్పుడు మాయ్కెన్‌కి కడుపునొప్పి. చర్చి దగ్గరికి వెళ్ళేసరికి వాంతులు. పెట్రోలు బంకు చేరేసరికి ఒళ్ళంతా నీలం.

"నేననలేదూ!" అన్నారు అంతా. ఎవరూ అనలేదు.

మర్నాడు జనం వచ్చారు. తలుపు తీశారు, కిటికీ పక్క ఖాళీ కుర్చీని చూశారు, "రేపొస్తాంలే రూనార్," అని తలుపు వేశారు. ఒక్కరూ చీటీ లాగలేదు. యంత్రం మీద నలభై మూడు అనే అంకె బయటికి నాలిక చాపుకుని అలాగే ఉండిపోయింది.

స్టఫన్ ఆదరాబాదరా వచ్చి, రూనార్ కుళాయి కింద సీసా పట్టి, పరీక్షకి పంపించి, ఫలితం తెచ్చి తలుపు మీద అంటించాడు: మూడు పాయింట్ ఎనిమిది. వచ్చినవాళ్ళు చదివారు. "సరిగ్గా పరిమితికి కాస్త తక్కువట," అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు.

"ఇంకో రకంగా అంకె వేయించలేవా?" అన్నాడు రూనార్.

"ఉన్నదే కదా వేసేది! సున్నా వేస్తే మాత్రం నమ్ముతారా?" అన్నాడు స్టఫన్ ఏడుపు గొంతుతో. అదీ నిజమే.

బయట బిర్చి చెట్ల ఆకులు పసుపుపచ్చబడుతున్నాయి. వారం తిరిగేసరికి రూనార్ పొయ్యిలో సగమే కట్టెలు వేస్తున్నాడు. మాయ్కెన్ ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిందని తెలిసింది. ఇక కోపం ఆగలేదు. దాల్చినచెక్క బన్నులు రెండు సంచీలో వేసుకుని, అసలు నిన్ను పంపిందెవరో ఇవాళ చెప్పు అని అడిగేద్దామని బయల్దేరాడు. బన్నులెందుకంటే, రోగి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళే అలవాటు లేదు, తిట్టడానికైనా సరే.

తమ్ముడు అల్గొత్ తలుపు తీశాడు.

"సంచీ తెరువు," అన్నాడు.

"నువ్వు కూడానా?"

"నన్ను తిడుతుందయ్యా. చూపించు... బన్నులే. రా లోపలికి. కూర్చో. కాఫీ ఇద్దామంటే మా ఇంట్లో ఉండదు, ఏమీ అనుకోకు."

రూనార్ వంటగది చుట్టూ చూశాడు. కాఫీ గిన్నె లేదు. కాఫీ డబ్బా లేదు. ఆ ఊళ్ళో అలాంటి వంటగదిని అతను ఎప్పుడూ చూసి ఉండలేదు. తలుపులు లేని ఇంట్లోకి వచ్చినట్టనిపించింది.

"ఎందుకుండదు?"

"అక్కకి కడుపులో పుండుంది కదా. కాఫీ చుక్క తాకినా కత్తితో కోసినట్టుంటుందట. పదేళ్ళ కిందటే డాక్టరు మానమన్నాడు. ఆవేళే గిన్నె బయటికి పోయింది. నేను తాగాలంటే పెట్రోలు బంకుకి పోవాలి. వచ్చాక ఊదమని వాసన చూస్తుంది."

"కానీ..." రూనార్ కుర్చీలో ముందుకు జరిగాడు. "రోజూ నా దగ్గర తాగుతోందిగా?"

"ఎవరు?"

"మీ అక్క."

"కాఫీయా? ఊళ్ళో అంటుంటే ఉత్త పుకారనుకున్నా!"

"నిండు కప్పు. అడుగుదాకా."

అల్గొత్ నోరు కాసేపు తెరుచుకునే ఉంది. ఆ తరవాత మెల్లిగా, ఏళ్ళ కిందటి సాసేజీలన్నీ తిరిగి చేతికొచ్చినట్టు, మొహమంతా వెలిగిపోయింది. "పొద్దున్నే మోకాళ్ళ నొప్పికి నడక అని చెప్పి పోయేది! పిప్పరమెంటు నముల్తూ వచ్చేది! అక్కా!" లోపలి గదిలోకి కేకేశాడు. "దొరికిపోయావక్కా!"

మాయ్కెన్ మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది గానీ చూపు మాత్రం ఓడరేవులో చూపే.

"నిన్ను ఎవరు పంపారు?" అంది రూనార్‌తో.

"అది నేను అడగడానికి వచ్చాను. కాఫీ తాగకూడదటగా?"

"అల్గొత్‌ని నమ్ముతావా నువ్వు? సాసేజీల దొంగ."

"మరి ఎందుకు తాగావు మాయ్కెన్?"

"చెప్పానుగా. నీ మీద అనుమానం."

"ఇన్నాళ్ళు తాగినా తీరలేదా?"

"తీరితే అది అనుమానం ఎందుకవుతుంది?" దుప్పటి సర్దుకుంది. కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "ఓడరేవులో జనం పడవ దిగి బస్సులెక్కేవాళ్ళు. ఒక్కోరోజు వాన పడుతుంటే మా పై అధికారి, సంచులు చూడకుండానే పోనివ్వమనేవాడు. ఆ బస్సుల్లో ఎవరి సంచీ వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, పక్కవాడికేసి గుర్రుగా చూస్తూ పోయేవారు. నేను అడ్డం నిలబడి ఒక్కో సంచీ తిరగదోసిన బస్సుంటుందే, నన్ను నానా తిట్లూ తిట్టేవారు. కానీ అది కదలగానే ఒకళ్ళ డబ్బాల్లోవి ఒకళ్ళు తినడం నేను రోడ్డు మీద నుంచి చూసేదాన్ని." మొహం చిట్లించింది. "నాకు ఒక్కడూ ఒక్క ముక్క పెట్టలేదనుకో."

కొట్లో చూసినవన్నీ రూనార్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బోర్లించిన కప్పు ఠక్కుమనడం, గుల్‌బ్రిత్ అద్దంలోంచి చూడడం, జనం పదింటి తరవాతే రావడం. అన్నాళ్ళూ వేడి రొట్టెలకి ఇచ్చిన ఘనత తిరిగి తీసుకోవాల్సి వచ్చింది.

"నా కోసమా?" అన్నాడు చివరికి.

"నీ కోసమేంటి! నువ్వు కొట్టు మూస్తే నేను ఎక్కడ కూర్చోవాలి? ఊరంతా కనబడే కిటికీ అదొక్కటే. ఎవరి సంచీలో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

"నేను ఊళ్ళో చెప్పేస్తాను. నీళ్ళ వల్ల కాదు, పుండు వల్ల అని."

"చెప్పు. పుండు పెట్టుకుని రోజూ కాఫీ తాగిందంటే ఎవడన్నా నమ్ముతాడా? నేనే నమ్మను. నువ్వు తప్పు నా పుండు మీదికి తోసి తప్పించుకుంటున్నావంటారు." సంచీకేసి చెయ్యి చాపింది. "ఏం తెచ్చావు అందులో? సోమవారం వస్తాను. కుర్చీ ఎవరికీ ఇవ్వకు."

"డాక్టరు వద్దన్నాడుగా!"

"డాక్టర్ని నేనెప్పుడు నమ్మాను?"

దాల్చినచెక్క బన్నుని రెండుగా తుంచి, లోపల చూసి, ఒక సగం అతని చేతిలో పెట్టింది. ఏం చెయ్యాలో రూనార్‌కి చెప్పక్కర్లేదు. ముందు అతనే తిన్నాడు.

ఆ ఆదివారం బేకరీ చుట్టుపక్కల వింత వాసన వచ్చింది. రొట్టె వాసన కాదు, కాఫీ వాసనా కాదు. గుల్‌బ్రిత్ వచ్చి అడిగితే, "పొయ్యి శుభ్రం చేస్తున్నాను," అన్నాడు రూనార్. ఆవిడ నమ్మలేదు. నమ్మనక్కర్లేదు కూడా. అతను తాత పొయ్యిలో బార్లీ గింజలు నల్లబడేదాకా వేయిస్తున్నాడు. యుద్ధం రోజుల్లో కాఫీ గింజ దొరకనప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు ఇలాగే వేయించి, దంచి, కాచి, ఇదే కాఫీ అనుకుని తాగేవారట. రంగులో తేడా లేదు. కడుపుకి ఏ హానీ లేదు.

సోమవారం తొమ్మిదిన్నరకి తలుపు తెరుచుకుంది. మాయ్కెన్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, యంత్రం నుంచి చీటీ లాగి, గోడకి చేరగిలబడింది. కొట్లో ఇంకెవరూ లేరు. కిటికీ అవతల మాత్రం గుల్‌బ్రిత్, ఆవిడ చెల్లెలు, డ్రిల్లు మాస్టారు, ఇంకా ఒక అరడజను మంది, అటుగా వెళుతూ అనుకోకుండా అక్కడే ఆగిపోయినట్టు నిలబడ్డారు.

"నలభై మూడు!" అన్నాడు రూనార్.

ఆవిడ చుట్టూ చూసి, వచ్చి కూర్చుంది. కప్పు వచ్చింది. వేలితో తోసింది.

"ముందు నువ్వు తాగు."

తాగాడు. చెప్పకుండానే నోరు తెరిచాడు. అదే జగ్గులోంచి ఆవిడ కప్పు నింపాడు.

మాయ్కెన్ కప్పు ఎత్తింది. నోటిదాకా తెచ్చి ఆపింది. పెళ్ళిబృందం మధ్యలో అకార్డియన్ పెట్టెని పట్టుకున్న ముక్కు అది. ఒకసారి పీల్చింది. రెండోసారి పీల్చింది. రూనార్ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ అవతల గుల్‌బ్రిత్ అద్దానికి మొహం ఆనించింది.

"ఇవి ఏ నీళ్ళు?" అంది మాయ్కెన్, అందరికీ వినబడేట్టు.

"కుళాయి నీళ్ళు."

"నీళ్ళు సరే." గొంతు బాగా తగ్గించింది. "ఆ నీళ్ళలో ఏం దాటించాలని చూస్తున్నావు?"

"నేను ముందు తాగానుగా," అన్నాడు రూనార్ అంతకంటే చిన్న గొంతుతో.

ఆవిడ అతనికేసి చూసింది. కప్పులోకి చూసింది. అద్దం అవతలి మొహాలకేసి చూసింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏనాడూ దొంగసరుకు చేతికి చిక్కాక వదిలిపెట్టిన మనిషి కాదు. ఒక్కో గుక్కే తాగింది. ఈసారి మొహం చిట్లించుకోవడం మర్చిపోయి, చివర్లో గుర్తొచ్చి చిట్లించింది. కప్పుని సాసర్ మీద ఠక్కున బోర్లించింది.

"తనిఖీ అయింది," అంది. "పోనివ్వు."

తలుపు తెరుచుకుంది. చీటీల యంత్రం కరకరమంది. రూనార్ ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుని, బార్లీ జగ్గుని పక్కకి జరిపి, అసలు కాఫీ జగ్గు అందుకుని కేకేశాడు.

"నలభై నాలుగు!"